చెట్టు నొక్కితే తోటంతా మెరిసినప్పుడు



ఈ పూట మాట్లాడబోయే సంగతి రేడియోకు కాస్త మొండిది. కంప్యూటర్‌లో పటాలు గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్ గురించి, అందులోనూ అర్రే అనే ఒక్క కమాండ్ గురించి, గీసిన అర్రేను దిద్దబోతే అది మొరాయించే తీరు గురించి. తెర పక్కన కూర్చోబెట్టి చూపిస్తే తొందరగా తెమిలే పని. మాటల్లో చెప్పాలంటే మాత్రం మీకూ నాకూ ఇద్దరికీ కళ్ళముందు మెదిలే పటం ఒకటి ఉండాలి. అందుకని సింహాద్రిపురం మండలంలో ఒక చీనీతోట అనుకుందాం. రైతు పేరు వద్దు, సర్వే నంబరు వద్దు. తోట ఉంటే చాలు.

ఎందుకు చీనీతోట అంటారా? సింహాద్రిపురం, లింగాల, పులివెందుల వైపు వెళ్ళినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. పార్నపల్లె దగ్గరి చిత్రావతి రిజర్వాయరు నీళ్ళో, పులివెందుల బ్రాంచి కాలువ నీళ్ళో అందినచోట అవి, అందనిచోట బోరు. ఏదైనా సరే చెట్టు మొదట్లోకి చుక్కలుగా పోవాల్సిందే. 2003లో ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ సేద్య పథకం మొదలైనప్పటి నుంచి డ్రిప్పు సామాను సబ్సిడీతో వస్తోంది. సబ్సిడీ అంటే అంచనా కావాలి, అంచనాకు పటం కావాలి. పొలం కొలతలు, బోరు ఎక్కడుంది, మెయిన్ పైపు ఎటు పోతుంది, సబ్ మెయిన్లు ఎన్ని, 16 మిల్లీమీటర్ల లాటరల్ పైపులు ఎన్ని మీటర్లు, డ్రిప్పర్లు ఎన్ని. ఈ పటాలు గీసే కుర్రవాళ్ళలో, అమ్మాయిల్లో చాలామంది డిప్లొమా చదివినవాళ్ళే. సింహాద్రిపురంలోనే ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. పులివెందులలో 2006 నుంచి జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. వాళ్ళు చదువుకునేటప్పుడు ఆటోక్యాడ్ నేర్చుకుంటారు, గీయడం బాగానే వస్తుంది. చిక్కంతా గీసినదాన్ని మార్చాల్సి వచ్చినప్పుడు. రైతు వచ్చి, అయ్యా ఈ మూల నాలుగు చెట్లు లేవు, అక్కడ గుండు ఉంది అంటాడు. అప్పుడు మొదలవుతుంది తల పట్టుకోవడం.

సరే, మన తోట. వెడల్పు 400 అడుగులు, పొడవు 540 అడుగులు. అయిదెకరాలకు కాస్త తక్కువ. చెట్టుకూ చెట్టుకూ 20 అడుగులు, సాలుకూ సాలుకూ 20 అడుగులు. నాలుగువైపులా గెనుము నుంచి 10 అడుగులు వదిలితే అడ్డంగా 20 చెట్లు, నిలువునా 27. మొత్తం 540. పటంలో ఒక చెట్టు బొమ్మ గీస్తాం. గుండ్రం, మధ్యలో చిన్న కూడిక గుర్తు. మిగతా 539 అర్రే చూసుకుంటుంది. 20 వరసలు ఇటు, 27 వరసలు అటు, ఎడం 20 అడుగులు అని చెబితే రెప్పపాటులో తోట నాటేసి చూపిస్తుంది. అంటు మొక్కలు తెచ్చి గుంతలు తీసి నాటే కూలీలు నవ్వుకుంటారు గానీ, పటం వరకు అంతే.

ఇప్పుడు రైతు వచ్చి మార్పు చెప్పాడు. మీరు అర్రే ఎడిట్ అని కమాండ్ కొట్టారు. అది ఒప్పుకోలేదు. చాలామంది ఇక్కడే కమాండ్‌ను తిడతారు, కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ పెడతారు, సాఫ్ట్‌వేర్ పాడైందని ఇంకోసారి ఎక్కిస్తారు. ఇవేవీ అవసరం లేదు. ముందు పటంలో ఒక చెట్టు మీద మౌసుతో ఒక్కసారి నొక్కండి. ఏది మెరుస్తుందో చూడండి.

నొక్కిన చెట్టొక్కటే మెరిసిందా? అయితే మీ దగ్గర అర్రే లేదు. 540 విడి చెట్లున్నాయి. అవి ఒకప్పుడు కలిసి పుట్టాయేమో గానీ ఇప్పుడు ఒకదానికొకటి తెలియదు. నొక్కితే తోటంతా మెరిసిందా? అప్పుడు కంట్రోల్ కీ, ఒకటి అంకె కలిపి నొక్కి ప్రాపర్టీస్ తెరవండి. పైన అర్రే అని, బ్రాకెట్లో రెక్టాంగులర్ అని కనిపిస్తే అది ప్రాణంతో ఉన్న అర్రే, అన్ని మార్పులకూ లొంగుతుంది. అలాకాక బ్లాక్ రిఫరెన్స్ అని కనిపిస్తే అది ఒక ముద్ద. మెరవడం అర్రేలాగే మెరుస్తుంది, గుణం మాత్రం అర్రేది కాదు. అర్రే ఎడిట్‌కు మొదటి రకమూ లొంగదు, మూడో రకమూ లొంగదు. ఈ మూడింటిలో మీ చేతిలో ఉన్నది ఏదో తెలియకుండా దిద్దడానికి కూర్చోవడమే నేను చూసిన చిక్కుల్లో ముప్పాతిక వంతుకు మూలం. కమాండ్లను బట్టీ పట్టించే శిక్షణల్లో ఈ ఒక్క నొక్కుడు నేర్పరు. అదే నా ఫిర్యాదు.

మరి ఒకే కమాండ్ ఇన్ని రకాలుగా ఎందుకు పుడుతుంది? ఆటోక్యాడ్ 1982 డిసెంబరులో బజారులోకి వచ్చింది. చాలా ఏళ్ళపాటు అందులోని అర్రే నాటి వెళ్ళిపోయే రకం. కాపీలు పడేస్తుంది, తర్వాత వాటితో తనకు సంబంధం లేదంటుంది. 2012 వెర్షన్‌తో కొత్త రకం వచ్చింది. అసోసియేటివ్ అర్రే అంటారు. అందులో అన్ని చెట్లూ ఒక మూల చెట్టుకు కట్టుబడి ఉంటాయి. వరసలెన్ని, ఎడమెంత అన్నది అర్రే తనలో దాచుకుంటుంది. ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు. ఈ ఆలోచన మాత్రం ఆటోక్యాడ్ కంటే పెద్దది. 1963లో ఐవాన్ సదర్లాండ్ అమెరికాలోని ఎంఐటీలో స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాము తయారుచేశాడు. తెర మీద కాంతి కలంతో గీసేది. అందులోనే మూల చిత్రం ఒకటి, దాని ప్రతులు ఎన్నైనా ఉండేవి. మూలాన్ని మారిస్తే ప్రతులన్నీ మారిపోయేవి. అంటే అర్రేలో మనం ఇవాళ కొత్తది అనుకుంటున్నది అరవై ఏళ్ళ కిందటి బుద్ధి.

పాత రకం ఇంకా పోలేదు. అర్రే క్లాసిక్ అని కొడితే పాత డబ్బా తెరుచుకుంటుంది. అలవాటైన పెద్ద డ్రాఫ్ట్స్‌మెన్ దాన్నే వాడతారు, తప్పేమీ లేదు. కానీ దాంతో నాటిన తోట విడి చెట్ల తోటే. కొత్త కమాండ్‌తో నాటినా, తెర పైన బొత్తాలుండే రిబ్బన్‌ పట్టీలో అసోసియేటివ్ అనే బొత్తాం ఆపి ఉంటే అంతే సంగతులు. అర్రే అసోసియేటివిటీ అనే ఒక సెట్టింగు ఉంది. అది ఒకటి అయితే కట్టుబడిన తోట, సున్నా అయితే విడి చెట్లు. ఎవరో ఎప్పుడో దాన్ని సున్నా చేసి వెళ్ళిన కంప్యూటర్ ముందు మీరు కూర్చుంటే, ఎన్ని తోటలు నాటినా విడి చెట్లే వస్తాయి. ఒకసారి విడిపోయిన చెట్లను మళ్ళీ అర్రేగా కట్టే కమాండ్ లేదు. ఒక్క చెట్టు ఉంచుకుని, తక్కినవి చెరిపి, మళ్ళీ నాటుకోవాలి. దానికి బాధపడేవాళ్ళున్నారు. రెప్పపాటు పనికి బాధెందుకు?

ఇక అర్రే నిజంగా అర్రేనే, కానీ చెట్లు ఉండాల్సిన చోట లేవు. ఇది అంకెల తగాదా. మన ప్రాంతంలో పొలం అడుగుల్లో కొలుస్తారు, కంపెనీ సామాను మిల్లీమీటర్లలో, మీటర్లలో ఉంటుంది. పటం అడుగులు, అంగుళాల పద్ధతిలో ఉన్నప్పుడు ఎడం 20 అని ఊరికే కొడితే కంప్యూటర్ 20 అంగుళాలనే అనుకుంటుంది. అంకె పక్కన అడుగు గుర్తు, అంటే ఎంటర్ కీ పక్కనుండే ఒంటి గీత, పెట్టాలి. పెట్టకపోతే మన అయిదెకరాల తోట 31 అడుగుల 8 అంగుళాల వెడల్పులో, 43 అడుగుల 4 అంగుళాల పొడవులో ఇమిడిపోతుంది. మూడు సెంట్ల ఇంటి స్థలంలో 540 చీనీచెట్లు! తెర మీద ఒక నల్లటి మరకలా కనిపిస్తుంది. దాన్ని చూసి అర్రే పనిచేయలేదు అంటారు. పని చేసింది, మనం చెప్పిన పనే చేసింది. యూనిట్స్ అని టైపు చేసి పటం ఏ కొలతల్లో ఉందో చూసుకుంటే ఈ చిక్కు రాదు.

ఇంకొకటి ఇంతకంటే మాయదారి చిక్కు. కంటికి తొందరగా ఆనదు. అర్రే ట్యాబ్‌లో ఎడం అని ఒక గడి, మొత్తం దూరం అని ఇంకొక గడి ఉంటాయి. ఒకదాన్ని మారిస్తే రెండోది తనంతట తానే మారుతుంది. పొలం వెడల్పు 400 కదా అని మొత్తం దూరం గడిలో 400 వేశారనుకోండి. 20 చెట్ల మధ్య ఉండే సందులు 19. 400ను 19తో భాగిస్తే 21 అడుగుల అర అంగుళం పైన వస్తుంది. మొదటి చెట్టు గెనుముకు 10 అడుగుల లోపల మొదలైంది కాబట్టి ఆఖరి సాలు గెనుము దాటి 10 అడుగులు పక్కవాళ్ళ చేలో పడుతుంది. మొత్తం దూరం అంటే మొదటి చెట్టు నుంచి ఆఖరి చెట్టుకు. మన తోటలో అది 380 అడుగులు. నిలువునా 520. చెట్లు ఎన్నో సందులు అంతకు ఒకటి తక్కువ. ఇది తెలియనివాళ్ళు లేరు, గడిలో అంకె వేసేటప్పుడు గుర్తుండేవాళ్ళే తక్కువ.

అలాగే ఎడం అంటే చెట్టు నడిమి నుంచి పక్క చెట్టు నడిమికి. కొమ్మ అంచు నుంచి కొమ్మ అంచుకు కాదు. చెట్టు గుండ్రం అడ్డుకొలత 6 అడుగులుంటే మధ్యన మిగిలే ఖాళీ 14. ఎడం ముందు తీసివేత గుర్తు పడితే తోట వెనక్కి, అంటే కిందికో ఎడమకో పెరుగుతుంది. తప్పని కొట్టిపారేయకండి. మూల చెట్టును ఈశాన్యం మూలలో పెట్టి నైరుతి వైపు నాటాలంటే అదే దారి.

పొలం ఉత్తరానికి సరిగ్గా నిలబడకుండా కాస్త వాలుగా ఉంటే? మన దగ్గర వంక ఒడ్డున ఉన్న పొలాలు ఏవి నిటారుగా ఉంటాయి గనుక! అర్రే ఎప్పుడూ యూసీఎస్, అంటే ఆ క్షణంలో పటంలో ఉన్న అడ్డం నిలువు అక్షాలను పట్టుకుని సాగుతుంది. కాబట్టి నాటే ముందు యూసీఎస్‌ను పొలం గట్టు వెంబడి తిప్పుకోవాలి. లేదా తోటను నిటారుగానే నాటి, ఆ తర్వాత రొటేట్ కమాండ్‌తో మొత్తాన్నీ తిప్పాలి. అర్రే అంతా ఒకే వస్తువు కాబట్టి ఒక్క నొక్కుతో తిరుగుతుంది. నాకు రెండోదే హాయి.

ఇప్పుడు అసలు చిక్కు. దీని దగ్గర కాస్త ఆగుతాను.

చీనీచెట్టు చుట్టూ నాలుగు డ్రిప్పర్లు పెట్టాలని రైతూ కంపెనీ అనుకున్నారు. పటంలో చెట్టు బొమ్మకు నాలుగు చుక్కలు చేర్చాలి. 540 చోట్ల చేర్చనక్కర్లేదు. అర్రే ఎడిట్‌లో సోర్స్ అనే దారి ఉంది. దాన్ని ఎంచుకుని, ఏదో ఒక చెట్టును చూపిస్తే, మూల చెట్టును దిద్దడానికి తలుపు తెరుస్తుంది. తెర మీద ఒక హెచ్చరిక వస్తుంది. అందరూ చదవకుండా ఓకే కొడతారు. అక్కడి నుంచి మీరు గదిలోపల ఉన్నారు. బయటకు వచ్చేదాకా మీరు గీసే ప్రతి కొత్త గీతా మూల చెట్టులో భాగమే. నాలుగు చుక్కలు పెట్టారు, 540 చెట్లకూ నాలుగేసి చుక్కలు వచ్చాయి. సంతోషం. ఆ సంతోషంలో తలుపు మూయడం మరిచిపోయి, పొలం మూల బోరు గుర్తుగా ఒక చదరం గీశారు. 540 బోర్లు పడ్డాయి! సింహాద్రిపురం మండలంలో ఒక్క బోరులో నీళ్ళు పడటమే కష్టం. పటం కింద రైతు పేరు రాశారా, అదీ 540 సార్లు. దాంతో గాభరా. అండూ మీద అండూ కొట్టి, చేసిన మంచి పని కూడా పోగొట్టుకోవడం.

దీనికి మందు అర్రే క్లోజ్ అనే కమాండ్. కొట్టగానే మార్పులు దాచాలా అని అడుగుతుంది. అవునంటే దాస్తుంది, కాదంటే మూల చెట్టు పాత రూపానికి వెళ్ళిపోతుంది. రిబ్బన్ తెరిచి ఉంటే ఇవే బొత్తాలు హోం ట్యాబ్ చివర కనిపిస్తాయి. రిబ్బన్ మూసేసి పని చేసేవాళ్ళకు ఆ బొత్తాలు కనబడవు, అందుకే తాము గదిలో ఉన్నామన్న సంగతే తెలియదు. అనుమానం ఉంటే అర్రే ఎడిట్ స్టేట్ అని టైపు చేయండి. ఒకటి అని చెబితే మీరు ఇంకా లోపలే ఉన్నారు, సున్నా అంటే బయటపడ్డారు. పటం గీస్తుంటే ఏ గీత గీసినా దాని ప్రతులు తోటంతా ప్రత్యక్షమవుతున్నాయంటే ముందు ఈ ప్రశ్న అడగండి.

ఆ నాలుగు డ్రిప్పర్ల మాట వచ్చింది కాబట్టి పనిలో పని. చెట్టు చుట్టూ గుండ్రంగా పెట్టడానికి పోలార్ అర్రే వాడతాం. నాలుగు చుక్కలు, నిండు చుట్టు 360 డిగ్రీలు అంటే 90కి ఒకటి వస్తుంది. ఇంకొకాయన 270 డిగ్రీలు వేసి నాలుగు చుక్కలు అంటాడు. ఆయనకూ సరిగ్గా అవే చోట్ల వస్తాయి. చుట్టు పూర్తయితే సందులూ చుక్కలూ సమానం, పూర్తికాకపోతే సందు ఒకటి తక్కువ. అందుకని ఒకరు గీసిన పోలార్ అర్రేలో మీరు నాలుగును ఆరు చేస్తే, ఆయన 270 వేసి ఉంటే, ఆరు చుక్కలు చుట్టూ సమంగా రావు. ఒక పక్క పావు వంతు ఖాళీగా మిగిలిపోతుంది. కోణం గడి చూసుకుని మార్చండి.

మళ్ళీ రైతు దగ్గరికి వెళదాం. మూల నాలుగు చెట్లు లేవన్నాడు. అర్రేలో ఒక చెట్టును మాత్రమే పట్టుకోవాలంటే కంట్రోల్ కీ పట్టుకుని నొక్కాలి. అప్పుడు అదొక్కటే మెరుస్తుంది. డిలీట్ కొడితే అదొక్కటే పోతుంది. తక్కిన తోట చెక్కుచెదరదు, అర్రే అర్రేగానే ఉంటుంది. జరపొచ్చు, తిప్పొచ్చు, చిన్నదీ చేయొచ్చు. ఈ ఒక్క కీ తెలియక ఎక్స్‌ప్లోడ్ కొట్టి తోటను చిల్లరచిల్లర చేసుకునేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. పేల్చడం సులువు, కూర్చడం లేదు. తీసేసిన చెట్లు అన్నీ వెనక్కి కావాలంటే అర్రే ఎడిట్‌లో రీసెట్ ఉంది. కానీ జాగ్రత్త. అది చెరిపిన నాలుగింటినే కాదు, మీరు విడిగా జరిపిన, మార్చిన ప్రతి చెట్టునూ మొదటి స్థితికి తెస్తుంది. బోరు గుంత మీద కూడా చెట్టు మొలుస్తుంది.

పొలం హద్దు మరీ వంకరగా ఉండి గెనుము బయట వంద చెట్లు పడ్డాయనుకోండి. వాటిని ఒక్కొక్కటిగా కంట్రోల్ పట్టి చెరుపుతూ కూర్చోవడం తెలివైన పని కాదు. డ్రిప్పులో ఎలాగూ తోటను వాల్వు వాల్వుకూ భాగాలు చేస్తాం కదా. ఒక్కో వాల్వు కింద తడిసే భాగానికి ఒక్కో అర్రే పెట్టుకోండి. పెద్ద దీర్ఘచతురస్రం ఒకటికి బదులు చిన్నవి నాలుగు హద్దులో చక్కగా ఇమిడిపోతాయి. దిద్దేటప్పుడు కూడా ఒక భాగంలో చేసిన తప్పు పక్క భాగానికి పాకదు.

చీనీకి ఎండు తెగులు వస్తుంది, చెట్లు చచ్చిపోతాయి. ఆ ఖాళీల్లో కొత్త అంటు పెడతారు. పటంలో అవి వేరే గుర్తుతో కనిపించాలి. ఇందుకు రీప్లేస్ ఉంది. కొత్త గుర్తును చూపించాలి, దాని బేస్ పాయింట్ చెప్పాలి, ఏ చెట్ల బదులు పెట్టాలో నొక్కాలి. మార్చిన చెట్లు సాలు తప్పి పక్కకు జరిగి కూర్చుంటే తప్పు బేస్ పాయింట్‌ది. పాత చెట్టు నడిమిని పట్టుకుని ఉంటే కొత్తదానికీ నడిమే చెప్పాలి. అంచు మీద నొక్కితే అంచు నడిమికి వచ్చి, బొమ్మ మూడడుగులు తప్పుకుంటుంది. రీప్లేస్ చేసిన చెట్లు ఆ తర్వాత పాత మూల చెట్టు మాట వినవు. సోర్స్ తెరిచి డ్రిప్పర్లు ఆరు చేస్తే పాతవాటికి ఆరు వస్తాయి, కొత్త అంట్లకు రావు. అది లోపం కాదు, అవి వేరే ఇంటి పిల్లలు.

గట్టు వెంబడి కరెంటు స్తంభాలో, కాలువ పొడవునా టెంకాయ చెట్లో పెట్టడానికి పాత్ అర్రే. దీని చిక్కు చాలావరకు దారిదే. కాలువను ముక్కలు ముక్కలుగా గీసి ఉంటే అర్రే మొదటి ముక్క దగ్గరే ఆగుతుంది. జాయిన్ కమాండ్‌తో ముక్కలను ఒక్క పాలీలైన్ చేసి అప్పుడు చూపించండి. మెజర్ పద్ధతిలో ఎడం స్థిరం, డివైడ్ పద్ధతిలో లెక్క స్థిరం. కాలువ పొడవు తగ్గించినప్పుడు టెంకాయ చెట్లు ఎందుకు దగ్గరపడ్డాయి అని అడిగేవాళ్ళ పటంలో నూటికి నూరుపాళ్ళు డివైడ్ ఉంటుంది.

అర్రే ఎడిట్ నిరాకరిస్తే లేయరు తాళం కూడా చూడండి. చెట్ల లేయరుకు తాళం వేసి ఉంటే దాన్ని తీయందే పని జరగదు.

అంచనా దగ్గరికి వద్దాం, డబ్బు అక్కడుంది. అర్రేలో అడ్డం, నిలువు కాక మూడో గడి ఒకటి ఉంటుంది, లెవెల్స్ అని. అంతస్తుల మేడలు గీసేవాళ్ళకు పనికొస్తుంది. చీనీతోటలో అది ఒకటే ఉండాలి. పొరపాటున రెండు పడితే ప్రతి చెట్టు నెత్తిన ఇంకో చెట్టు గాల్లో నిలబడుతుంది. పైనుంచి చూసే పటంలో రెండూ ఒక్కటిగానే కనిపిస్తాయి. పేల్చి లెక్కపెడితే 1080 చెట్లు. డ్రిప్పర్లు 2160కి బదులు 4320. పటం చూసిన కన్నుకు ఏ తేడా తెలియదు, బిల్లుకు తెలుస్తుంది. ఓవర్‌కిల్ కమాండ్ ఒకదానిమీదొకటి పడ్డ గీతలను ఏరేస్తుంది గానీ, ఎత్తు వేరైతే అది వీటిని వదిలేస్తుంది. గడిలో అంకె చూడటమే దారి.

ఇటువైపు పొరపాటు కూడా ఉంది. క్విక్ సెలెక్ట్‌తో లెక్క అడిగితే అర్రే మొత్తం ఒకటే అంటుంది, ఎందుకంటే అది దానికి ఒకే వస్తువు. అడ్డం నిలువు హెచ్చవేస్తే 540 వస్తుంది గానీ, గుండు ఉన్న మూల నాలుగు, బోరు దగ్గర ఒకటి, స్టార్టరు పెట్టె దగ్గర ఒకటి మీరు చెరిపేశారు. ఉన్నవి 534, డ్రిప్పర్లు 2136. చెరిపిన ప్రతిదాన్నీ పటం పక్కన రాసిపెట్టుకునే అలవాటు ఉన్నవాళ్ళే సరైన సంఖ్య చెప్పగలరు.

ఇవే చిక్కులు చిన్న తోటలకే పరిమితం కాదు. జమ్మలమడుగు దాటి మైలవరం వైపు వెళ్ళండి. సోలార్ పార్కు పలకలు బారులుగా కనిపిస్తాయి. 2017 ఏప్రిల్‌లో ఈ పార్కులోని 250 మెగావాట్లకు వేలం జరిగితే యూనిట్ ధర 3 రూపాయల 15 పైసలకు దిగింది. అప్పటికి దేశంలో అది వార్త. అలాంటిచోట బారుకూ బారుకూ మధ్య ఎడం ఒక అడుగు తప్పితే ముందు బారు నీడ వెనక బారు మీద పడుతుంది. చీనీలో అడుగు తప్పితే చెట్టు సర్దుకుంటుంది. పలక సర్దుకోదు. ఎడం గడి, మొత్తం దూరం గడి మధ్య ఉన్న తేడా అక్కడ యూనిట్లలోకి మారుతుంది.

చివరిగా పటం పంపే సంగతి. కంపెనీ వాళ్ళ దగ్గర పాత వెర్షన్ ఉందని మీరు పటాన్ని పాత రూపంలో దాచి పంపితే, అటు తెరిచినవాళ్ళకు తోట బ్లాకుగా కనబడొచ్చు. వాళ్ళు దాన్ని బ్లాకుగానే ఉంచి తిరిగి మీకు పంపుతారు. మీరు దాన్ని అర్రే అనుకుని దిద్దబోతారు, అది వినదు. నేను ముందు చెప్పిన మూడో రకం ఇలాగే పుడుతుంది. కాబట్టి అర్రే ఉన్న ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి. పంపడానికి వేరే పేరుతో దాచి, అందులో అర్రేను పేల్చి, విడి చెట్లతో పంపండి. చెట్టు బొమ్మను ముందే బ్లాకుగా చేసుకుని ఉంటే, ఒకసారి పేల్చాక కూడా 534 చెట్లూ 534 బ్లాకులుగా నిలబడి ఉంటాయి. అవతలివాళ్ళు క్విక్ సెలెక్ట్‌తో లెక్కపెట్టినా మీరు అంచనాలో రాసిన సంఖ్యే వస్తుంది. వాళ్ళ మార్పులు వెనక్కి వచ్చినప్పుడు వాటిని చూసి మీ అసలు ఫైలులో మీరే దిద్దండి, వాళ్ళ ఫైలును అసలుగా చేసుకోకండి.